వేసవిలో ఒక రాత్రి ట్రెక్: హ్యామక్‌లలో ఏది, టెంట్ ఎప్పుడు?

చెట్ల మధ్య హ్యామక్, అంటే రెండు కొసలూ చెట్లకు కట్టే గుడ్డ ఊయల, కట్టుకుని ఒక్క రాత్రి పడుకుని, తెల్లారాక మళ్లీ నడక మొదలుపెట్టాలి. కోరిక ఇంత చిన్నదే. కొనడానికో, అడిగి తెచ్చుకోవడానికో కూర్చుంటే మాత్రం తల తిరుగుతుంది. పొట్టిదా పొడుగుదా, దోమతెర కుట్టి ఉన్నదా విడిదా, కింద మ్యాట్ వేయాలా బొంత కట్టాలా, అసలు ఈ గొడవంతా మాని టెంట్ మోసుకుపోతే సరిపోదా?

నేను మొదటిసారి హ్యామక్‌లో పడుకున్న రాత్రి వాన పడలేదు, దోమలు కూడా పెద్దగా లేవు. అయినా తెల్లవారుజామున మూడింటికి వీపు మంచుగడ్డలా తగిలి లేచి కూర్చున్నాను. పైన మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది. కింద పల్చటి గుడ్డ, దాని కింద గాలి. నడుము రాత్రంతా విల్లులా వంగే ఉంది. అది వేసవి, చలి అన్న ఆలోచనే నా మనసులో లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకే వరస చెబుతున్నాను: ముందు చెట్లు చూడండి, తర్వాత మీరు పడుకునే తీరు, తర్వాత వీపు కింద వెచ్చదనం. దోమతెర, పైకప్పు ఆ తర్వాత. బరువు అన్నిటికన్నా చివర.

## ఎంపికకు ముందు నాలుగు ప్రశ్నలు

దారిలో కట్టుకోదగ్గ చెట్లు ఉన్నాయా? మీరు ఆగబోయే చోట 4 నుంచి 5 మీటర్ల ఎడంలో బతికున్న రెండు చెట్లు కావాలి. మాను కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. శిఖరం మీద గడ్డి మైదానమో, రాతి నేలో, పొదలో ఉన్న దారైతే హ్యామక్ మాట మరిచిపోవచ్చు. కొన్ని రక్షిత అడవుల్లో, పార్కుల్లో చెట్లకు ఏదీ కట్టనివ్వరు. ఇంకొన్ని చోట్ల నిర్ణీత వెడల్పున్న పట్టీలు వాడితేనే ఒప్పుకుంటారు. బయలుదేరే ముందే ఇది కనుక్కోండి.

మీరు ఎలా పడుకుంటారు? వెల్లకిలా పడుకునేవాళ్లకు హ్యామక్ బాగా నప్పుతుంది. పక్కకు తిరిగి పడుకునేవాళ్లు హ్యామక్ రకాన్ని చూసి ఎంచుకోవాలి. బోర్లా పడుకుంటేగానీ నిద్రపట్టని వాళ్లు మొహమాటం లేకుండా టెంట్ తీసుకోండి.

రాత్రి ఎంత చల్లబడుతుంది? పగటి ఎండను చూసి నిర్ణయించుకోవద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కొండ కింద రాత్రి 24 డిగ్రీలు ఉంటే, 1000 మీటర్లు ఎక్కాక 17, 18 దగ్గర ఉండొచ్చు. హ్యామక్‌లో చాలామందికి 20 డిగ్రీల దిగువకు రాగానే వీపు చల్లబడటం మొదలవుతుంది.

ఎంత మోస్తారు? హ్యామక్ అంటే తేలిక అని అందరూ అనుకుంటారు. గుడ్డ ఒక్కటే చూస్తే నిజమే. మొత్తం సామాను కలిపితే ఆ తేడా చాలావరకు పోతుంది. తెరతో కలిపి హ్యామక్ 600 గ్రాములు, చెట్లకు చుట్టే పట్టీలు 200, వానకు పైన కట్టే గుడ్డ (టార్ప్) 400, కింద కట్టే బొంత 400 అనుకుంటే 1600 గ్రాములు అయింది. 1200 గ్రాముల ఒంటరి టెంట్, 400 గ్రాముల మ్యాట్ కలిపినా అంతే. అందుకే బరువు తగ్గుతుందన్న ఒక్క కారణంతో హ్యామక్ కొనొద్దని నా సలహా. రాత్రి బాగా వెచ్చగా ఉండే చోట బొంత అక్కర్లేదు కాబట్టి, అక్కడ మాత్రం హ్యామక్ నిజంగానే తేలిక.

## నాలుగు దారులు, పక్కపక్కన

| చూడాల్సింది | పొట్టి హ్యామక్ (సుమారు 2.7 మీ.) | పొడుగు హ్యామక్ (సుమారు 3.3 మీ.), తెర కుట్టింది | కర్రలున్న బ్రిడ్జ్ హ్యామక్ | ఒంటరి టెంట్ |
|---|---|---|---|---|
| నడుము తీరు | వంగుతుంది | ఐమూలగా పడుకుంటే దాదాపు సమం | సమం | నేల ఎలా ఉంటే అలా |
| పక్కకు తిరిగి నిద్ర | కష్టం | ఓ మాదిరి | బాగుంటుంది | బాగుంటుంది |
| దోమల నుంచి రక్షణ | విడిగా తెర కావాలి | ఉంది | చాలావాటికి ఉంటుంది | ఉంది |
| వాలు నేల, రాళ్లు | పట్టింపు లేదు | పట్టింపు లేదు | పట్టింపు లేదు | చదును నేల తప్పదు |
| చెట్లు లేకపోతే | కుదరదు | కుదరదు | కుదరదు | కుదురుతుంది |
| హ్యామక్ లేదా టెంట్ వరకే బరువు | 300–450 గ్రా. | 500–750 గ్రా. | 900 గ్రా. పైన | 1–1.5 కిలోలు |
| మొదటిసారి కట్టడం | తేలిక | కొంత సాధన కావాలి | ఎక్కువ సాధన కావాలి | తేలిక |

### పొట్టి హ్యామక్

మధ్యాహ్నం భోజనం తర్వాత గంటసేపు కునుకు తీయడానికి ఇంతకన్నా మంచిది లేదు. చిన్న సంచిలో ముడుచుకుపోతుంది, రెండు నిమిషాల్లో కట్టేయొచ్చు. రాత్రంతా పడుకోవడానికి మాత్రం చాలామందికి సరిపోదు. అందులో ఐమూలగా తిరగడానికి చోటు ఉండదు, కాళ్లు పైకి లేస్తాయి, మోకాళ్లు వెనక్కి వంగినట్టయి నొప్పి పుడతాయి. పెట్టె మీద డబుల్ అని రాసి ఉంటే అది ఎక్కువగా వెడల్పు గురించే, పొడవు గురించి కాదు. ఇద్దరు పడుకోవచ్చని అర్థం చేసుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు.

మీ ఎత్తు ఐదున్నర అడుగుల లోపైతే, ఇప్పటికే ఇది మీ దగ్గర ఉంటే, ఒక రాత్రికి దీంతోనే ప్రయత్నించి చూడండి. కొత్తగా కొంటుంటే మాత్రం పొడుగుదే తీసుకోండి.

### పొడుగు హ్యామక్

రెండు కొసలూ గుత్తిగా పట్టి కుట్టిన మామూలు హ్యామకే ఇది, కాకపోతే 3 మీటర్ల పైన పొడవుంటుంది. మీ ఎత్తుకు నాలుగు అడుగులు కలిపితే వచ్చే పొడవు సౌకర్యంగా ఉంటుందనేది హ్యామక్ వాడేవాళ్లలో బాగా వాడుకలో ఉన్న లెక్క. ఆరడుగుల మనిషికి పది అడుగులు కనీసం, పదకొండు ఇంకా హాయి.

ఇందులో అసలు కిటుకు ఐమూలగా పడుకోవడం. తల కొంచెం ఒక పక్కకు, కాళ్లు రెండో పక్కకు జరపగానే గుడ్డ చదునుగా విచ్చుకుంటుంది, నడుము వంపు పోతుంది. మొదటిసారి ఇలా పడుకున్నవాళ్ల ముఖంలో ఆశ్చర్యం చూడటం నాకు చాలా ఇష్టం. మధ్యలో నిలువుగా పడుకుని, హ్యామక్ అంటేనే నడుంనొప్పి అనుకుని వదిలేసినవాళ్లు ఎందరో.

దోమతెర కుట్టి ఉన్నవాటికి తెరను ఎత్తిపట్టే ఒక తాడు రెండు కొసల మధ్య ఉంటుంది. దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు హ్యామక్ పొడవులో సుమారు 83 శాతం ఉంచితే, చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా వంపు దాదాపు ఒకేలా వస్తుంది. 3.3 మీటర్ల హ్యామక్‌కు అది 2.75 మీటర్ల దగ్గర తేలుతుంది. కొత్తవాళ్లకు ఈ తాడు పెద్ద ఉపకారం, ప్రతి రాత్రీ కొలత ఊహించుకోనక్కర్లేదు. లైటు, కళ్లజోడు పెట్టుకునే చిన్న సంచి కూడా దానికే తగిలించుకోవచ్చు.

లోటు ఒకటుంది. కొన్నిటికి తెరను పూర్తిగా తీసి పక్కకు కట్టేయడం కుదరదు, పగలు కూర్చోవడానికి అడ్డంగా ఉంటుంది. ఒక పక్క మొత్తం జిప్ ఉన్నదో లేదో చూసి తీసుకోండి.

### బ్రిడ్జ్ హ్యామక్

తలవైపు, కాళ్లవైపు అడ్డంగా కర్రలు పెట్టి గుడ్డను చాపినట్టు విప్పి ఉంచుతారు. మంచం మీద పడుకున్నట్టే ఉంటుంది, పక్కకు తిరిగినా మోకాళ్లు ముడుచుకున్నా ఇబ్బంది లేదు. బదులుగా కర్రల బరువు మోయాలి, వాటికి తగ్గట్టు టార్ప్ వెడల్పుగా ఉండాలి. కొన్నిటిలో భుజాల దగ్గర నొక్కినట్టుంటుంది. మామూలు హ్యామక్ కంటే ఇది పక్కకు ఒరిగే అవకాశం ఎక్కువ, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు జాగ్రత్త. ఒక్క రాత్రి కోసం కొనమని చెప్పను. పక్కకు తిరిగితేగానీ నిద్రపట్టనివాళ్లు, తరచూ వెళ్లేవాళ్లు ఆలోచించవచ్చు.

### టెంట్

హ్యామక్‌ను ఇష్టపడేవాణ్ని అయినా టెంట్‌ను తక్కువ చేయను. చెట్లు లేని చోట, పిల్లలతో వెళ్లినప్పుడు, ఇద్దరు దగ్గరగా పడుకోవాలనుకున్నప్పుడు టెంటే సరైనది. లోపల కూర్చుని బట్టలు మార్చుకోవచ్చు, సామాను పక్కనే పెట్టుకోవచ్చు. గాలి లేని వేసవి రాత్రి మాత్రం లోపల ఉక్కపోత, తెల్లారేసరికి బయటి గుడ్డ లోపలివైపు చెమ్మ. హ్యామక్ కింద గాలి ఆడుతుంది కాబట్టి వేడి రాత్రుల్లో ఆ హాయి టెంట్‌లో దొరకదు.

## ముప్పై డిగ్రీల సంగతి

ఏ హ్యామక్ తీసుకున్నా ఇది తెలియకపోతే డబ్బు దండగ. చూడగానే పట్టీని వీలైనంత బిగించి లాగాలనిపిస్తుంది. మంచం నవ్వారులా బిగువుగా ఉంటే చదునుగా ఉంటుందని అనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. గుడ్డ బిగిసి భుజాలను నొక్కుతుంది, చెట్టు మీదా పట్టీ మీదా లాగుడు విపరీతంగా పెరుగుతుంది.

70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో పట్టీ మీద పడే లాగుడు ఇలా ఉంటుంది:

| నేలకు సమాంతరంగా చూస్తే పట్టీ కోణం | ఒక్కో పట్టీ మీద లాగుడు |
|---|---|
| 30 డిగ్రీలు | 70 కిలోలు |
| 15 డిగ్రీలు | సుమారు 135 కిలోలు |
| 10 డిగ్రీలు | సుమారు 200 కిలోలు |
| 5 డిగ్రీలు | సుమారు 400 కిలోలు |

30 డిగ్రీల దగ్గర ఒక్కో పట్టీ సరిగ్గా మీ బరువంత లాగుడు మోస్తుంది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. చూపుడువేలు అడ్డంగా చాపి, బొటనవేలు నిటారుగా పైకెత్తండి. బొటనవేలి కొస నుంచి చూపుడువేలి కొసకు గీత గీస్తే ఎంత వాలు వస్తుందో పట్టీ దాదాపు అంత వాలుగా ఉండాలి. కూర్చున్నాక గుడ్డ నేలకు ఒక కుర్చీ ఎత్తులో, అంటే 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటే చాలు. అంతకన్నా ఎత్తుగా కట్టకండి, ముడి జారితే పడేది మీరే.

చెట్ల ఎడం నాలుగున్నర మీటర్లుంటే పట్టీ మాను చుట్టూ 1.75 మీటర్ల ఎత్తులో పడుతుంది, చేయి అందే ఎత్తే. ఆరు మీటర్లయితే 2.2 మీటర్ల దాకా ఎక్కాలి. దూరం ఎక్కువున్న చెట్లతో కుస్తీ పట్టడం కంటే ఇంకో జత వెతుక్కోవడం మేలు.

పట్టీల విషయంలో రాజీ వద్దు. సన్నటి తాడు బెరడును కోస్తుంది, బెరడు కిందే చెట్టు ఆహారం ప్రవహించే పొర ఉంటుంది. కనీసం 2.5 సెంటీమీటర్ల వెడల్పు, కుదిరితే 5 సెంటీమీటర్ల పట్టీ వాడండి. పాలిస్టర్‌ది తీసుకోండి. నైలాన్ పట్టీ, ముఖ్యంగా తడిస్తే, సాగుతుంది. పడుకునేటప్పుడు సరిగ్గా ఉన్న హ్యామక్ అర్ధరాత్రికి నేలను తాకుతుంది. వరుసగా ఉచ్చులు కుట్టిన పట్టీలు కొత్తవాళ్లకు తేలిక, నచ్చిన ఉచ్చులో క్యారబినర్ (మూత ఉన్న లోహపు కొక్కెం) తగిలిస్తే పని అయిపోతుంది. బకిల్ ఉన్నవి తేలికగానూ ఉంటాయి, అంగుళం అంగుళం సర్దుకోవచ్చు కూడా. రెండూ మంచివే.

కట్టే ముందు ఒక్కసారి తలెత్తి చూడండి. ఎండిన కొమ్మ పైన ఉంటే ఆ చెట్టు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఎండిపోయిన మానుకు అసలే కట్టొద్దు. హ్యామక్ ప్రమాదాల్లో భయంకరమైనవి చెట్టే విరిగి మీద పడటం వల్ల జరిగేవి.

## వీపు కింద ఏం వేయాలి?

నా దృష్టిలో అసలు ఎంపిక ఇదే. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనం దాని పొరల్లో చిక్కుకున్న గాలిలో ఉంటుంది. మీరు దాని మీద పడుకోగానే ఆ పొర అణిగిపోయి కింది భాగం ఉన్నా లేనట్టే. టెంట్‌లో కింద నేల ఉంటుంది. హ్యామక్ కింద కదిలే గాలి ఒంటి వేడిని ఎత్తుకుపోతూనే ఉంటుంది.

ఏమీ వేయకపోవడం. తెల్లవారుజామున కూడా 22, 23 డిగ్రీలకు తగ్గదని తెలిస్తే ఇలాగే వెళ్లొచ్చు. ఉక్కపోత చోట్ల ఇదే హాయి.

ఫోమ్ మ్యాట్ లేదా గాలి పరుపు. ఇంట్లో ఉన్నదే సరిపోతుంది. చెట్లు దొరక్కపోతే దాన్నే నేల మీద పరుచుకోవచ్చు, మొదటి ట్రిప్‌కు ఈ ధీమా చిన్నది కాదు. ఇబ్బంది ఏమిటంటే అది జారుతుంది, వీపు చెమట పడుతుంది, 50 సెంటీమీటర్ల వెడల్పు మ్యాట్ అయితే భుజాలు బయటికి వచ్చి చల్లబడతాయి. రెండు పొరల గుడ్డ ఉన్న హ్యామక్‌లో ఆ పొరల మధ్యకు తోసేస్తే జారడం పోతుంది. గాలి పరుపును సగమే ఊదండి, నిండా ఊదితే పడవలా తేలి పక్కకు తోసేస్తుంది. భుజాల పక్కన జాకెట్ మడిచి పెట్టుకోండి.

కింద వేలాడే బొంత, అంటే అండర్‌క్విల్ట్. హ్యామక్ బయట, కిందివైపు వేలాడుతుంది. మీ బరువు దాని మీద పడదు, అణగదు, అందుకే వెచ్చగా ఉంటుంది. పడుకున్నట్టే తెలియదు, జారదు, చెమట పట్టదు. వేసవికి పల్చటిది చాలు, 300 నుంచి 500 గ్రాముల్లో వస్తుంది. కానీ హ్యామక్‌కు తప్ప ఇంకెందుకూ పనికిరాదు, సర్దడం నేర్చుకోవాలి. వదులుగా ఉంటే మధ్యలోంచి గాలి దూరుతుంది, బిగిస్తే అణిగిపోతుంది. పడుకున్నాక పక్క నుంచి చేయి పెట్టి చూడండి. బొంత గుడ్డకు ఆనుకుని ఉండాలి, నొక్కుకుపోకూడదు.

మొదటి రాత్రికి మ్యాట్. రెండోసారి కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు అండర్‌క్విల్ట్. నేనైతే రెండో హ్యామక్ కొనేముందు అదే కొంటాను.

## దోమలు, వాన

పల్చటి గుడ్డ వీపుకు బిగిసి ఉంటే దోమ కింది నుంచి గుడ్డలోంచే కుడుతుంది. పైన తెర ఉన్నా ఇది ఆగదు. రెండు పొరల గుడ్డో, కింద మ్యాటో, అండర్‌క్విల్టో ఉంటే ఆ బాధ లేదు. ఒక్క పొర హ్యామక్‌లో ఏమీ వేయకుండా పడుకునేవాళ్లు గొట్టంలా చుట్టూ కప్పే విడి దోమతెర తీసుకోండి. గుడ్డ బయటివైపు పర్మెత్రిన్ అనే దోమల మందు కొట్టుకోవడం ఇంకో దారి. అది బట్టకే, ఒంటికి కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు, నీళ్లలో కలిస్తే చేపలకు విషం.

వేసవే కదా అని టార్ప్ ఇంట్లో వదిలేయకండి. హ్యామక్ కొసలకన్నా రెండు వైపులా కనీసం 15 సెంటీమీటర్లు, వీలైతే అడుగు బయటికి ఉండాలి. ఆరు మూలల టార్ప్ బరువుకూ రక్షణకూ మధ్యస్థంగా ఉంటుంది. చతురస్రాన్ని ఐమూలగా కట్టేది తేలిక, కానీ ఏటవాలు వానకు తడుస్తారు. పట్టీల మీదుగా జారే నీళ్లు గుడ్డలోకి రాకుండా పట్టీకి చిన్న దారం ముక్క కట్టి కిందికి వేలాడదీయండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉరుములు మెరుపులు వస్తున్నాయంటే టార్ప్ మిమ్మల్ని కాపాడదు. శిఖరం మీదా, చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చెట్టుకూ కట్టకండి.

## ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తూ, ఇంకా తేల్చుకోలేనివాళ్లు: పొడుగు హ్యామక్, ఉచ్చుల పట్టీలు, ఫోమ్ మ్యాట్, టార్ప్. మ్యాట్ ఉంది కాబట్టి చెట్లు దొరక్కపోయినా టార్ప్ కింద నేల మీద రాత్రి గడుస్తుంది. వెళ్లేముందు ఇంటి దగ్గర ఎక్కడైనా ఒక పూర్తి రాత్రి పడుకుని చూడండి. గంటసేపు పడుకుంటే వీపు చలి తెలియదు.

మోకాళ్లు, నడుము ఇబ్బంది పెట్టే పెద్దవాళ్లు: టెంట్‌లోంచి పాక్కుంటూ లేవడం కంటే, కుర్చీ ఎత్తున్న హ్యామక్‌లోంచి కాళ్లు కిందికి పెట్టి లేవడం చాలామందికి తేలిక. పొడుగుది తీసుకుని మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకోండి.

జంటగా వెళ్లేవాళ్లు: ఎవరి హ్యామక్ వారిదే. ఒక పెద్ద టార్ప్ కింద పక్కపక్కన కట్టుకోవచ్చు. ఒకరి పైన ఒకరు కట్టుకునే సరదా వద్దు, పైనున్నది తెగితే కిందివాళ్లకు పెద్ద దెబ్బ.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు: టెంట్. పగలు ఆడుకోవడానికి పొట్టి హ్యామక్ ఒకటి తీసుకెళ్లండి, కింద రాళ్లు లేనిచోట తక్కువ ఎత్తులో కట్టండి.

వేగంగా, తేలికగా నడవాలనుకునేవాళ్లు: రాత్రి వెచ్చగా ఉండే దారైతే పల్చటి పొడుగు హ్యామక్, విడి తెర, చిన్న టార్ప్. చల్లటి దారైతే టెంట్‌తో బరువు పోల్చుకుని చూడండి, గెలిచేది టెంటే కావచ్చు.

ఎవరు ఏది తీసుకున్నా చీకటి పడటానికి గంట ముందే ఆగండి. నీటికీ, నడిచే దారికీ సుమారు 60 మీటర్లు, అంటే డెబ్బై పెద్ద అంగలు వేసినంత దూరం జరగండి. లోయ అడుగుకు దిగకండి, రాత్రి చల్లగాలి అక్కడికే చేరుతుంది. ముందు టార్ప్ కట్టి, దాని కింద హ్యామక్ కట్టండి. తర్వాత చేత్తో గట్టిగా నొక్కి చూసి, మెల్లగా కూర్చుని బరువంతా వేసి, ముడులు జారలేదని తెలిశాకే కాళ్లు పైకెత్తండి.